బెజవాడ ప్రదర్శనశాల: కృష్ణాతీరపు రాళ్లు, ఊళ్లు

బెజవాడలో బందరు రోడ్డున పోవువారికి, ఇరుప్రక్కలను లేచిన అంగళ్ల మేడల నడుమ, దేశీయ శిల్పమును పాశ్చాత్య శిల్పమును మేళవించి కట్టిన పాత భవన మొకటి కానవచ్చును. విక్టోరియా రాణి యేబది సంవత్సరముల పాలనకు స్మారకముగా 1887 జూన్ 27వ తేదీన దీనికి శంకుస్థాపన జరిగినది. కావున తరతరములవారు దీనిని జూబిలీ మ్యూజియ మనియే వ్యవహరించిరి. 1962లో ఇది పురావస్తుశాఖ చేతికి వచ్చెను. 2020 అక్టోబరు మొదలు బాపు మ్యూజియ మను పేరు ధరించినది. పేర్లు మారినను, కృష్ణకు ఇరుదరులందును వేలయేండ్లుగా మానవుడు చెక్కిన, కాల్చిన, పోతపోసిన, వ్రాసిన వస్తువులలో కొన్నింటినైనను ఆ కృష్ణ యొడ్డుననే నిలుపుట యను ధర్మము మాత్రము మారలేదు. ఆ ధర్మ మెంత ఆలస్యముగా స్ఫురించినదో, అది స్ఫురించులోపల ఏమేమి చేజారిపోయినదో తెలిసికొననిదే ఈ భవనపు విలువ మనకు బోధపడదు.

శంకువు నాటినవాడు నాటి కృష్ణామండలపు కలెక్టరు రాబర్టు స్యూయెల్. విజయనగర సామ్రాజ్య చరిత్రను 1900లో గ్రంథముగా వెలువరించి విస్మృతమైన యొక మహావైభవమును లోకమునకు మరల జ్ఞాపకము చేసినవాడును, అంతకుముందే 1882, 1884 సంవత్సరములలో చెన్నరాజధానియందలి ప్రాచీన శిథిలముల పట్టికలను జిల్లాల వారీగా కూర్చి ప్రకటించినవాడును ఈయనయే. అయినను ఈ భవనమునకు సంబంధించినంతవరకు ఆయన జీవితమున మన మెఱుగవలసిన ఘట్టము వేఱొకటి కలదు: 1877లో ఆయన అమరావతి స్తూపమున త్రవ్వకము సాగించెను. ఒక మహాస్తూపము శకలశకలములై దిక్కు కొకటిగా చెదరిపోయిన తీరును కన్నులార చూచినవాడు, పది సంవత్సరములకు ఆ నదీతీరముననే ప్రదర్శనశాలకు పునాదిరాయి వేయుట, కేవలము రాణిగారి ఉత్సవము కొఱకే యని నా కెన్నడును తోచలేదు.

అమరావతి కథ పలువురు వ్రాసిన కథయే. కాని దానిని శిల్పముల కథగా చెప్పుకొన్నంతగా ఊరి కథగా మనము చెప్పుకొనలేదు. పదునెనిమిదవ శతాబ్ది చివర, చింతపల్లి జమీందారైన రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన నివాసమును అమరావతికి మార్చి, అమరేశ్వరుని సన్నిధిని కొత్త పట్టణమును కట్టింప బూనెను. ఊరి దాపున దీపాలదిన్నె యని జనులు పిలుచు మిట్ట యుండెను. కట్టడములకు రాయి కావలసి దానిని త్రవ్వగా, పెద్ద పెద్ద యిటుకలును, చెక్కడపు పలకలును బయల్వెడలినవి. అవి పలనాటి సున్నపురాతి పలకలు. సున్నపురాయి కావుననే అది ఉలికి లొంగి, బొటనవ్రేలంత ముఖమునందు సైతము భావమును నిలుపుకొనగలిగెను. సున్నపురాయి కావుననే అది బట్టీకిని పనికివచ్చెను. కొన్ని పలకలు గుడికిని మెట్లకును పోగా, ఎన్నో సున్నమై గోడల కెక్కినవి. వేంకటాద్రి నాయుని ఇందుకు నిందించుట న్యాయము కాదు. ఆయన దాత, దేవాలయ నిర్మాత, తండ్రి పేర జగ్గయ్యపేటను వెలయించినవాడు. బౌద్ధము ఆ సీమనుండి తొలగి శతాబ్దములు గడచినవి. ఆ దిన్నె యేమిటో, దానిని కట్టిన వా రెవరో చెప్పగల నోరు ఆ పరిసరములలో ఒక్కటియు మిగిలి యుండలేదు. కథ మరుగుపడిన పిమ్మట రాతికి రాతి ధరయే పలికినది.

దిన్నెలో పలకలు బయల్వెడలిన వార్త విని 1797లో కాలిన్ మెకంజీ అమరావతికి వచ్చెను. సర్వేయరు జనరలైన పిమ్మట 1816లో మరల వచ్చి, తన చిత్రకారులచేత పలకల చిత్రములను గీయించెను. ఆ రెండు రాకల నడుమ మిట్ట రూపమే మారిపోయి, దాని నడిమిభాగము చెరువుగా త్రవ్వబడియుండెను. తరువాత 1830 ప్రాంతమున రాబర్ట్‌సన్ అను దొర, బందరులో తన పేర వెలసిన పేటకు అలంకారముగా కొన్ని పలకలను తరలించెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన పలకలు చెన్నపట్టణము చేరి, అచట ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిసి, కడపట 1859లో ఓడ యెక్కినవి. లండనునకు పోయిన ఆ 121 శిల్పములను అచటను ఆదరించినవారు లేరు. గిడ్డంగిలో మూలబడియున్న వానిని 1867లో జేమ్స్ ఫెర్గూసన్ గుర్తించి, మరుసటి యేట గ్రంథస్థము చేసిన పిమ్మట గాని వాని విలువ విద్వాంసులకు తెలియరాలేదు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియమున ప్రవేశించెను. సరిగా ఆ సంవత్సరముననే, చెన్నపురి గవర్నరు ఆజ్ఞచే దీపాలదిన్నెను ఆసాంతము త్రవ్విపోసిరి. మరుసటి యేట జేమ్స్ బర్జెస్ వచ్చి చూచునప్పటికి స్తూపమున్న చోట గొయ్యి మిగిలియుండెను. ఆయన ఏర్చికూర్చినవి చెన్నపురి మ్యూజియమునకు పోయినవి. జగ్గయ్యపేట ధనంబోడు పలకలును, 1892లో భట్టిప్రోలున అలెగ్జాండర్ రీ వెలికితీసిన ధాతుకరండములును ఆ దారినే పోయినవి.

చెన్నపురికిని లండనునకును చేరిన పలకలు సున్నము కాక మిగిలినవి. ఆ ఉపకారమును మరువరాదు. ఎన్నియో దేశములవారు వానిని చూచి ఆంధ్రశిల్పుల ప్రతిభకు జోహారు లర్పించుచున్నారు. కాని దూరదేశమున ఆ పలకలు ఒక శిల్పసంప్రదాయమునకు ఉదాహరణములుగా మాత్రమే నిలుచును. వాని మీది చిన్న చిన్న ప్రాకృత శాసనములను చదివినచో, అవి ఒకప్పటి యూరి జనాభా పట్టికవలె తోచును. చక్రవర్తుల కంటె అందు సామాన్యులే యెక్కువ. గృహపతులు, వర్తకులు, సుగంధద్రవ్యము లమ్ము గాంధికులు, భిక్షుణులు, వారి శిష్యురాండ్రు, కోడండ్రు, కూతుండ్రు, అందరును తలకొక పలకయో స్తంభమో సమర్పించి పేరు చెక్కించుకొనిరి. వారిలో విధికుడను చర్మకారుడు, నాగోపాధ్యాయుని కుమారుడు, తల్లితోను భార్యతోను సోదరులతోను బిడ్డలతోను బంధుమిత్రులతోను కలిసి పూర్ణఘట పట్టము నొకదానిని దానము చేసెను. ఆంధ్రప్రదేశ్ రాజముద్రయందు నేడు మనము చూచు పూర్ణఘటము అమరావతి శిల్పమునుండి గ్రహింపబడినదే. తోలుపని చేసి జీవించిన యొక కుటుంబము తన కష్టార్జితముతో ఏ మంగళచిహ్నమును మహాస్తూపమునకు సమర్పించెనో, ఆ చిహ్నమే రెండువేల యేండ్లకు ఒక రాష్ట్రపు ప్రభుత్వ పత్రములపై ముద్రగా నిలిచినది. ఈ సంగతి కృష్ణాతీరమున పెరుగు ప్రతి బాలునకును, ప్రతి బాలికకును తెలియవలసినది. లండనులో చూచువానికి ఇది యొక విశేషము. అమరావతి చెంతనున్న ధరణికోట పిల్లవానికి ఇది తన యింటి సంగతి. ప్రాంతీయ ప్రదర్శనశాలకు గల విలువ యంతయు ఈ భేదమునందే యున్నది.

రాతితోపాటు మాటనుగూడ సేకరింపవలెనను బుద్ధి మెకంజీకి కలిగించినవారు తెలుగువారు. ఏలూరునకు చెందిన కావలి వేంకట బొఱ్ఱయ్య, ఆయన సోదరులు లక్ష్మయ్య, రామస్వామి మెకంజీకి కుడిభుజమై నిలిచిరి. ముప్పది యేండ్లైనను నిండకుండ 1803లో బొఱ్ఱయ్య మరణించినను, ఆయన వేసిన బాట చెడలేదు. మెకంజీ మనుష్యులు ఊరూర తిరిగి, శాసనములకు నకళ్లు వ్రాసికొని, కరణములను పెద్దలను కూర్చుండబెట్టి, ఊ రెప్పుడు కట్టిరి, చెరువు నెవరు త్రవ్వించిరి, గుడి యెవరి ప్రతిష్ఠ, మాన్యము లెవరివి, ఏ దొరతనము పోయి ఏ దొరతనము వచ్చెను అని అడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసిరి. అవియే కైఫీయత్తులు. వానిలో పుక్కిటి పురాణములు లేకపోలేదు. కాలనిర్ణయములో పొరపాట్లకు లెక్కలేదు. అయినను మహారాజుల శాసనములు చెప్పని సంగతులు, అనగా కరవు వచ్చి ఊరు పాడుపడుట, మరల నలుగురు వచ్చి గుడిసెలు వేసికొనుట, చెరువు తెగుట, దానిని పూడ్చుట, అందే దొరకును. మెకంజీ 1821లో గతించిన పిమ్మట ఈ కాగితములు శిథిలము కాజొచ్చగా, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పూనుకొని ప్రతులు వ్రాయించి నిలిపెను. తెలుగువారి గ్రామచరిత్ర కింతటి నిధి వేఱొకటి లేదని నా దృఢవిశ్వాసము.

తెలుగువారు తమ చరిత్రను తామే వెదకికొనవలెనను సంకల్పము ఇరువదవ శతాబ్దిలో బలపడెను. చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' ప్రథమభాగము 1910లో వెలువడెను. రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకమునకు తొమ్మిది వందల యేండ్లు నిండిన 1922లో, రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి స్థాపింపబడెను. న్యాయవాదియైన భావరాజు వేంకటకృష్ణారావు, రాళ్ళబండి సుబ్బారావు మొదలైనవారు దానిని పోషించిరి. గోదావరి గట్టుననున్న ప్రదర్శనశాల నేటికిని సుబ్బారావుగారి పేరనే వెలయుచున్నది. హైదరాబాదున లక్ష్మణరాయ పరిశోధక మండలివారు 1935లో తెలంగాణా శాసనములను సంపుటముగా ప్రకటించిరి. వీరిలో పెక్కండ్రు జీతము లేని సేవకులు. సెలవుదినములలో పొలముగట్ల వెంట నడచి, ముండ్లపొదలలో పడియున్న రాతిని కడిగి, అక్షరములకు అచ్చుతీసికొన్నవారు.

బెజవాడ ప్రదర్శనశాలయందు నేడు ఆదిమానవుని రాతి పనిముట్లు, నాణెములు, ఆయుధములు, దేవతామూర్తులు కలవు. వాని యన్నిటిలో అల్లూరునుండి వచ్చిన సున్నపురాతి బుద్ధుడు నన్ను మిక్కిలి ఆకర్షించును. క్రీ.శ. మూడవ, నాలుగవ శతాబ్దుల నాటి ఆ నిలువెత్తు మూర్తి, తాను పుట్టిన మండలమును విడిచి పోలేదు. అల్లూరు వారు బస్సెక్కి వచ్చి తమ యూరి బుద్ధుని చూచి సాయంత్రమునకు తిరిగి పోవచ్చును.

ఈ భవనమునకే సంబంధించిన వేఱొక కథయు కలదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమై, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమున ఇరువది లక్షల రాట్నములు అని తీర్మానించెను. భట్లపెనుమర్రున పుట్టిన పింగళి వేంకయ్య, జాతీయ పతాకముపై 1916లోనే పుస్తకము ప్రకటించి, ఎన్ని యేండ్లుగానో దానినే ధ్యానించుచుండెను. ఎఱుపు పచ్చల పతాకముపై రాట్నమును చిత్రించి యిమ్మని గాంధీజీ కోరగా, ఆయన మూడు గంటలలో దానిని సిద్ధపరచెను. తెలుపును పిమ్మట చేర్చవలెనని గాంధీజీకి తోచెను. పతాకమును సమర్పించినది ఈ జూబిలీ మ్యూజియము నందే యని బెజవాడ పెద్దలు చెప్పుకొందురు. రాణి పేర కట్టిన భవనమును ఊరివారు జెండా పుట్టిన చోటుగా తలపోయుట, జ్ఞాపకమును ప్రజలే నిర్ణయింతురనుటకు నిదర్శనము.

ఇక్కడ ప్రజల జ్ఞాపకము నిలిచినది; కాని నాగార్జునకొండను తలచుకొన్నప్పుడు నాకు బాధయే కలుగును. 1926లో ఎ. రంగస్వామి సరస్వతి ఆ లోయయందలి శిథిలములను కనుగొనెను. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేయునాటికే, ముంపునకు ముందుగా లోయనంతయు శోధింపవలెనని, ఆర్. సుబ్రహ్మణ్యం పర్యవేక్షణలో త్రవ్వకములు 1954లో ఆరంభమై 1960 వఱకు సాగెను. ఆ లోయయందు వెలసిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కట్టడములలో ముఖ్యమైనవానిని రాయి రాయిగా విప్పి కొండపైకి చేర్చి మరల కట్టిరి. అది మన పురావస్తు శాస్త్రజ్ఞుల ఘనకార్యము. ఆ లోయయందే పుల్లారెడ్డిగూడెమను పల్లెయు ఉండెను. విజయపురి కొండ యెక్కెను; పుల్లారెడ్డిగూడెము నీట మునిగెను. పంటలకు నీరు కావలెను, కాదనను. కాని పదునేడు వందల యేండ్ల నాటి పట్టణమునకు చేసిన మర్యాదలో కొంతయైనను, ఆ లోయలో నాగలి పట్టిన చివరి తరమువారి మాటకు, పాటకు, ఇంటిపేళ్లకు చేసియుండవలసినది.

అందుచేతనే, బెజవాడ వంటి ప్రదర్శనశాలలు రాతికి ప్రక్కనే మాటను నిలుపవలెనని కోరుచున్నాను. విగ్రహము క్రింద దాని పేరును కాలమును మాత్రము వ్రాసి ఊరకొనక, అది దొరికిన యూరి కైఫీయత్తును పెద్ద యక్షరములతో గోడపై వ్రాయించిన చాలును. పల్లెటూరి రైతు తన యూరి చెరువు పేరును అందు చదివికొని నిలుచును. చెన్నపురిలోను లండనులోను ఉన్న పలకలకు అచ్చులు పోయించి తెచ్చుట అసాధ్యము కాదు. ఇంకను జీవించియున్న పనివారినిగూర్చి మఱింత త్వరపడవలెను. బెజవాడకు కూతవేటున కొండపల్లి యున్నది. అచట తెల్లపొణికి కఱ్ఱను ఆరబెట్టి, అంగము లన్నిటిని వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, రంగులు వేయుదురు. బొమ్మలను అద్దాల బీరువాలో నుంచుట సులభము. కఱ్ఱ నే కొండనుండి ఎవరు తెచ్చెదరు, మక్కు ఎంత చిక్కన కావలెను, దశావతారములలో మొదట చెక్కుట నేర్పున దేది, ఆ పని ఎవరివద్ద ఎవరు నేర్చిరి అను ప్రశ్నలకు సమాధానములు ఆ వీథిలోని వృద్ధుల నోటనే కలవు; వానిని చెప్పినవారి పేళ్లతో సహా నేడే వ్రాసికొనవలెను.