పాలమూరు వెండి ఉంగరాలు, రాళ్ల మహిమలు

పాలమూరు ప్రాంతంలో కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల నడిగడ్డలోనూ, కృష్ణకు ఈవల వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలోనూ రాయి పొదిగిన వెండి ఉంగరాన్ని సామాన్యులు సొగసు కోసం కంటే రక్ష కోసమే ఎక్కువగా ధరించారు. బంగారం సంస్థానాధీశులకూ, ‘విద్వద్గద్వాల’ అన్న పేరుకు కారకులైన ఆస్థాన పండితులకూ దక్కగా, రైతుకూ గొర్రెల కాపరికీ అందుబాటులో ఉన్న లోహం వెండి.

పూర్వం ఈ దేశపు గనులలో వెండి స్వల్పంగానే లభించేది కాబట్టి, సముద్ర వాణిజ్యం వల్ల వచ్చిన వెండి ముందు నాణెంగా మారి, ఆ తరువాత నగగా మారేది. గద్వాలలోనూ, వనపర్తి పాలకుల పూర్వస్థానమైన సూగూరులోనూ టంకశాలలు, అంటే నాణేలు ముద్రించే శాలలు ఉండేవి. తరువాతి కాలపు నిజాం రూపాయి, హాలీ సిక్కా, 11 గ్రాములకు కొద్దిగా పైగా తూగేది. అందులో వెండి సుమారు 82 శాతం. అవుసలి, అంటే కంసాలి, ఆ రూపాయిని మూసలో కరిగించి, కమ్మచ్చు రంధ్రాల గుండా తీగగా లాగి, వెలిగారం చల్లి అతికి, చింతపండు పులుసుతో తెల్లబరిస్తే ఉంగరం తయారయ్యేది.

పాత ఉంగరాన్ని పరిశీలించేవారు మొదట వెనుకవైపు చూడాలి. సొగసు కోసం చేసిన దానిలో రాయి కింద మెరుపు రేకు పరిచి, అడుగు మూసివేస్తారు. గ్రహశాంతికి చేసిన దానిలో రాయి చర్మానికి తగలాలన్న నమ్మకంతో అడుగు తెరిచి ఉంచుతారు. ధరించినవారి ఉద్దేశాన్ని ఇది చాలావరకు సూచిస్తుంది.

రత్నాల మహిమలను గురించిన ఆలోచన పురాతనమైనది. బలాసురుని శరీరభాగాలు రత్నాలయ్యాయని గరుడ పురాణం చెబుతుంది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రం, ముత్యం, కెంపు, పచ్చల గుణదోషాలను విడివిడి అధ్యాయాలలో వివరించాడు. అయితే తొమ్మిది గ్రహాలకు తొమ్మిది రాళ్లను కేటాయించి, కెంపు సూర్యునికి, పగడం కుజునికి, గోమేధికం రాహువుకు అని నేడు అందరూ చెప్పే పట్టిక ఆ గ్రంథంలో లేదు. అది తరువాతి జ్యోతిషం స్థిరపరచినది. ముత్యాన్ని వెండిలోనే పొదగాలన్న నియమం కూడా చంద్రుని తెలుపూ చల్లదనమూ ఆ రెండింటికీ ఉన్నాయన్న భావన నుండి పుట్టింది. శనికి చెందిన నీలం విషయంలో భయం ఎక్కువ: అది కలిసివస్తే అందలమెక్కిస్తుందని, కలిసిరాకపోతే సర్వం హరిస్తుందని నమ్మి, ముందు గుడ్డలో చుట్టి మూడు రాత్రులు తలగడ కింద పెట్టుకొని, పీడకలలు రాకపోతేనే వేలికి పెట్టుకొనేవారు. అసలు నీలం కొనలేనివారు గాజురాయితోనే సరిపెట్టుకొన్నా నమ్మకం తగ్గలేదు. ఇది రాయి విలువకంటే ధరించినవారి కష్టం గురించి ఎక్కువ చెబుతుంది. సర్పదోష నివారణకు రాయి లేకుండా పడగ ఆకారంలో చేసే వెండి నాగ ఉంగరమూ ఈ కోవలోదే.

ముస్లిం కుటుంబాలలో ఈ ఆచారానికి వేరే మూలం ఉంది. పురుషులు బంగారం ధరించరాదన్న నియమం వల్లా, ప్రవక్త వెండి ఉంగరం ధరించారన్న సంప్రదాయం వల్లా అకీక్, అంటే ఎరుపు లేదా గోధుమ వన్నె గల సులేమానీ జాతి రాయి, ఫిరోజా అనే నీలిపచ్చ రాయి వెండిలోనే పొదగడం వారి ఆనవాయితీ. నిజాం రాజ్యంలోని ఈ పట్టణాలలో రెండు సంప్రదాయాలూ పక్కపక్కనే సాగాయి.

వజ్రాల మాట వేరు. తుంగభద్రకు ఆవల కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి చేలలో తొలకరి వానల తరువాత జనం నేటికీ వజ్రాల కోసం వెతుకుతారు. దొరికిన రాయి వ్యాపారికి చేరుతుందే గాని, దొరికించుకొన్నవారి వెండి ఉంగరంలోకి రాదు.

ఇన్ని తరాలు ధరించినా పాత ఉంగరాలు అరుదుగా మిగలడానికి కారణం లోహమే. కరువు వచ్చినప్పుడు అమ్మారు, పెళ్లి వచ్చినప్పుడు కరిగించి మెట్టెలు చేయించారు. తూకానికి లెక్కగట్టే కొనుగోలులో పనితనానికీ రాతికీ ధర ఉండదు. పాత ఉంగరం ఇంట్లో ఉన్నవారు దానిని కరిగించడానికి ఇచ్చేలోగా ముందువైపూ వెనుకవైపూ ఫొటో తీసి, ఎవరు ధరించారో, ఏ గ్రహానికని ధరించారో ఇంటి పెద్దలను అడిగి రాసి పెట్టుకోవాలి.