గుడుంబ మానిన మూడో రాత్రి

బయ్యారం చుట్టుపక్కల తండాల్లో గుడుంబ బట్టీలు నేను చిన్నప్పటి నుంచి చూసినవే. కుండల్లో నల్లబెల్లం, పటిక పులుస్తుంటే ఆ వాసన దారి పొడుగునా వచ్చేది. మా మండలం ఇంకా ఖమ్మం జిల్లాలో ఉండగానే నర్సుగా చేరాను. 2016లో అది మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది.

మద్యంపై పోరాటమంటే 1992 నాటి దూబగుంట ఆడవాళ్లనూ, 1995లో ఎన్టీఆర్ తెచ్చిన నిషేధాన్నీ, 1997లో దాని సడలింపునూ చెప్తారు. చెప్పాల్సిందే. దుకాణం మూతపడ్డాక తాగేవాడి ఒంట్లో జరిగేది మాత్రం రాత్రి డ్యూటీ నర్సులకే బాగా తెలుసు.

మొదటి రోజే చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పుతుంది. "సిస్టరమ్మా, గోడ మీద చీమలు పాకుతున్నయ్, నీకు కనవడ్తలేవా?" అంటూ ఒకాయన సెలైన్ పీక్కుని మంచం దిగాడు. గ్లూకోజ్ కంటే ముందు థయమిన్, అంటే బి1 విటమిన్, పడాలి. బి1 లేని ఒంటికి ముందే గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. కొత్తగా వచ్చిన పిల్లలకు ఈ వరస మంచం పక్కనే నేర్పాను.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగాయి. ఆ కల్లులో కలిపే అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ ఒక్కసారిగా ఆగిపోయి, నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం నిండిపోయింది. చివరి గ్లాసు ఎప్పుడు, వణుకు ఎప్పుడు అన్నది గంటలతో సహా రాసిపెట్టేది నర్సులే. పరిశోధనకు వచ్చేవాళ్లు ముందు ఆ రిజిస్టర్లు అడగాలి.