మిషను మింగని బొంత

రెండేళ్ళ క్రితం వరకూ బొంత నాకొక ప్రతీక మాత్రమే. ఆలిస్ వాకర్ 1973లో రాసిన ‘ఎవ్రీడే యూజ్’ కథని క్లాసులో చెప్పేటప్పుడు, అమ్మమ్మ కుట్టిన బొంతల గురించి గంటసేపు మాట్లాడేదాన్ని. చదువుకుని పట్నం నుంచి వచ్చిన పెద్దకూతురు వాటిని గోడకి వేలాడదీస్తానంటుంది. తల్లి మాత్రం వాటిని కప్పుకుని వాడుకునే చిన్నకూతురికి ఇస్తుంది. ఆ కథ చెప్పిన ప్రతిసారీ నేను చిన్నకూతురి పక్షమే. ఆ తర్వాత, ముక్కలు అతకడానికీ స్త్రీల రచనకీ ఉన్న పోలికపై ఎలైన్ షోవాల్టర్ 1986లో రాసిన వ్యాసం చెప్పేదాన్ని. నా సిద్ధాంత గ్రంథంలో కూడా ‘బొంతలాంటి కథనం’ అనే మాట నాలుగైదు చోట్ల వాడాను. అప్పటికి నేను ఒక్క బొంత కూడా కుట్టలేదు.

హైదరాబాదులో మేముండే చోటికి దగ్గర్లోని బస్తీలో, ఆదివారాలు బొంతలు కుట్టే తరగతి ఒకటి పెడదామని ఒక స్నేహితురాలు అన్నప్పుడు సరేనన్నాను. తొమ్మిదిమంది స్త్రీలు వచ్చారు. నాలుగు మిషన్లు దొరికాయి. మూడు కాలితో తొక్కేవి, ఒకటి చేత్తో తిప్పేది. పాత నూలుచీరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టే బొంత వాళ్ళలో చాలామందికి వచ్చు. కానీ ఒక్కో బొంతకి వారాలు పడుతుంది. పసిపిల్లల బొంతలు కుట్టి అమ్మితే నాలుగు డబ్బులొస్తాయనీ, అందుకు మిషను మీద కుట్టడం రావాలనీ వాళ్ళ కోరిక.

మొదటి ఆదివారమే మిషను మొరాయించింది. కారణం తర్వాత అర్థమైంది. సూది కింద ఉండే పళ్ళు అడుగు పొరని వెనక్కి లాగుతాయి. పైనుంచి అదిమే ఫుట్టు పై పొరని ఆపేస్తుంది. జాకెట్ గుడ్డకైతే ఇది తెలియదు. నాలుగు పొరల బొంతకి మాత్రం అడుగుగుడ్డ ముందు వెళ్ళిపోతుంది, పైగుడ్డ ముడతలు పడి వెనక మిగులుతుంది. దీనికి పుస్తకాలు చెప్పే మందు వాకింగ్ ఫుట్. దానికి సొంత పళ్ళుంటాయి కాబట్టి పై పొర కూడా కలిసి నడుస్తుంది. దాంతోపాటు బొంత బరువు మోయడానికి వెడల్పాటి బల్ల, గుడ్డ జారకుండా చేతి తొడుగులు, గుడ్డ కోయడానికి చక్రం కత్తి, దాని కిందికి చాప. నేను ఆ జాబితా రాసుకుని క్లాసుకి వెళ్ళాను. ఒకామె చూసి నవ్వింది: “గివన్నీ కొనే పైసలుంటే మేం బొంతలెందుకు కుడ్తం మేడం?”

ఆ తర్వాత మూడు నెలలు నేను నేర్పింది తక్కువ, నేర్చుకున్నది ఎక్కువ. మిషను తలమీద ఉండే స్క్రూ వదులు చేస్తే ఫుట్టు ఒత్తిడి తగ్గుతుందని రెడీమేడ్ బట్టల కంపెనీలో పనిచేసిన ఒకామె చూపించింది. జానెడు జానెడు దూరంలో టాకాలు వేసి, నడిమధ్య నుంచి అంచులవైపు కుట్టుకుంటూ వెళ్తే ముడతలు సగం పోయాయి. సూది పదహారో నంబరుకి మార్చాం. రెండు స్టూళ్ళ మీద పలక వేసి మిషను పక్కన పెడితే అదే వెడల్పు బల్ల. బ్యాంకుల్లో నోట్లు లెక్కపెట్టేవాళ్ళు వేలికి తొడుక్కునే రబ్బరు టోపీలు చేతి తొడుగుల పని చేశాయి. పువ్వులూ తీగలూ కుట్టాలంటే గుడ్డ ఎటుపడితే అటు తిరగాలి, పళ్ళు అడ్డం రాకూడదు. పాత ఏటీఎం కార్డుకి సూదిపట్టే చిల్లు పెట్టి పళ్ళమీద టేపుతో అంటించాం. ఫుట్టు తీసేసి, గుడ్డని చెక్క రింగులో బిగించి కుట్టే పద్ధతి మిషన్ ఎంబ్రాయిడరీ చేసే ఒకామెకి ముందే తెలుసు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు బొంత సైజు. చుట్టచుట్టినా సరే, పెద్ద బొంత మిషను మెడకింద పట్టదు. మాలో అందరికన్నా పెద్దామె అన్న మాట ఇది: “గంత బొంతను మిషన్ యాడ మింగుతది? గడులు గడులుగ కుట్టి, ఆఖరికి అతుకుదాం.” అమెరికాలో ఈ పద్ధతి మీద పుస్తకాలే ఉన్నాయి. ఆమె వాటిని చూడలేదు.

వరసలు వంకర పోతున్నాయని ఇంకొకామె తెగిపోయిన సైకిలు చువ్వ వంచి, ఫుట్టు బిగించే స్క్రూ కింద ఇరికించింది. చువ్వ కొసని ముందు కుట్టిన గీతమీద నడిపిస్తే, కొత్త గీత సమానదూరంలో పడుతుంది. మేమందరం చప్పట్లు కొట్టాం. ఇంటికొచ్చి పాత మిషన్ల గురించి చదువుతుంటే తెలిసింది, అచ్చం అలాంటి ఇనప కడ్డీ పందొమ్మిదో శతాబ్దపు సింగర్ మిషన్ల సామాన్లలో ఉండేదని. 1889లో పేటెంటు పొందిన, మడత విప్పితే పరుచుకునే చెక్కపెట్టెలో రకరకాల ఫుట్టులతో పాటు అదీ ఉండేది. దాని పేరే ‘క్విల్టర్’. అమెరికన్ గృహిణికి మిషనుతో పాటు పెట్టెలో అందిన వస్తువుని, శతాబ్దం దాటాక మా బస్తీలో ఒక స్త్రీ సైకిలు చువ్వతో మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చింది.

అక్కడినుంచి నా చదువు దారి మళ్ళింది. కుట్టుమిషను చరిత్ర అంటే మనకి దొరికేది పేటెంట్ల చరిత్ర. 1846లో ఎలియాస్ హోవే, 1851లో ఐజాక్ సింగర్. ఈ వరసలోకి రాకుండా మిగిలిపోయిన ఒక అమ్మాయి ఉంది. 1830లలో న్యూయార్కులో వాల్టర్ హంట్ ఒక కుట్టుమిషను తయారుచేసి, దానితో కార్సెట్లు కుట్టే దుకాణం పెట్టమని తన కూతురు కరోలిన్‌కి చెప్పాడనీ, చేత్తో కుట్టి బతికే ఆడవాళ్ళ పొట్టకొట్టినట్టవుతుందని ఆమె వద్దందనీ చెబుతారు. హంట్ అప్పుడు పేటెంటు తీసుకోలేదు. సాధారణంగా దీన్ని అతను పోగొట్టుకున్న అదృష్టంగా చెబుతారు. ఒక పనిముట్టు ఎవరి కూలి తీసేస్తుందని ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నగా ఎందుకు చెప్పరు?

గాంధీ సంగతి మనకి మరీ దగ్గరిది. 1924లో రామచంద్రన్ అనే శాంతినికేతన్ విద్యార్థితో మాట్లాడుతూ, యంత్రాలపై తన వ్యతిరేకతకి సింగర్ కుట్టుమిషనుని మినహాయింపుగా చూపించాడు. ఆ సంభాషణ ‘యంగ్ ఇండియా’లో వచ్చింది. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే కష్టం చూడలేక, ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశాడని గాంధీ నమ్మాడు. రికార్డు వేరుగా ఉంది. సింగర్ కొందరు స్త్రీలతో ఏకకాలంలో కాపురాలు నడిపి, ఇరవైమందికి పైగా పిల్లల్ని కన్నవాడు. భార్య కూలికి కుడుతుంటే చూశాడన్న కథ నిజానికి హోవే గురించి చెప్పేది. కానీ నన్ను ఆపింది ఈ తప్పు కాదు. మిషను కొనగలిగిన ప్రతివారి శ్రమా దానివల్ల తగ్గిందని కూడా గాంధీ అదే చోట అన్నాడు. ఆ ‘కొనగలిగిన’ దగ్గరే ఆగిపోయాను.

ఎవరు కొనగలిగారు? 1850లలో మిషను ధర మామూలు కుటుంబానికి అందేది కాదు. 1856లో సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ వాయిదాల పద్ధతి మొదలుపెట్టాడు. కానీ ఆ రోజుల్లో అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో పెళ్ళైన స్త్రీకి తన పేరున ఒప్పందం చేసుకునే హక్కు లేదు. మిషను ఆమె తొక్కుతుంది, ఒప్పందం అతనిది. మన దేశానికొచ్చేసరికి మిషను మొదట చేరింది ఎక్కువగా మగ దర్జీల దగ్గరికే. డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో వచ్చిన ‘ఎవ్రీడే టెక్నాలజీ’ పుస్తకంలో ఈ పరిణామాన్ని వివరంగా రాశాడు. 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలయ్యాక అవి మెల్లగా మధ్యతరగతి ఇళ్ళల్లోకి వచ్చాయి. వీధిలో మిషను ముందు కూర్చుని కుడితే అది వృత్తి, ఇంట్లో కుడితే తీరిక వేళ పని.

మా అమ్మ మిషను కూడా వాయిదాల్లో కొన్నదే. రసీదు నాన్న పేరు మీద ఉంది. ఆ వాయిదాలు అమ్మ జాకెట్లు కుట్టి కట్టింది, నా ఎం.ఏ. ఫీజులు కూడా. నేను పిహెచ్‌డీ దరఖాస్తులో తల్లి వృత్తి అన్నచోట ‘గృహిణి’ అని రాశాను. స్త్రీల అదృశ్య శ్రమ మీద పరిశోధన చెయ్యడానికి పెట్టుకున్న దరఖాస్తు అది.

ఒక హెచ్చరిక నాకు నేనే చెప్పుకోవాలి. సైకిలు చువ్వనీ ఏటీఎం కార్డునీ చూసి, పేద స్త్రీల సృజన ఎంత గొప్పదో అని మురిసిపోవడం తేలిక. అది బొంతని గోడకి వేలాడదీయడం లాంటిదే. ఆ చువ్వ చేసినామె నాతో సూటిగా చెప్పింది: “అసలుది దొర్కితే ఇది పారేస్త మేడం. రెండు గంటలకోసారి వదులైతది.” మెరుగైన పనిముట్టు అడిగే హక్కు ఆమెకుంది. ప్రభుత్వాలు స్త్రీలకి కుట్టుమిషన్లు పంచడం మనం చాలాకాలంగా చూస్తున్నాం. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం దర్జీ పనిని కూడా చేర్చి, పనిముట్లకి 15,000 రూపాయల దాకా సాయం ప్రకటించింది. అయితే ఇలాంటి పథకాల్లో మిషను ఎవరి పేరున వస్తుందో, దానితో ఏం కుట్టాలనుకుంటున్నారో, అందుకు ఏ ఫుట్టు కావాలో ఆ మనిషిని అడిగినప్పుడే ఆ సాయం ఆమె పనికి చేరుతుంది.

‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) కోసం స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణా పోరాటంలోని స్త్రీల దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది విని రాశారు. పనిముట్ల చరిత్రకి కూడా ఆ పద్ధతే కావాలనిపిస్తోంది. ఇంట్లో ఆడవాళ్ళు మిషనుకి ఏం చేర్చారో, ఏం తీసేశారో, దేన్ని దేనితో కట్టారో ఏ పేటెంటు కార్యాలయంలోనూ దొరకదు. మీ అమ్మల మిషను డ్రాయర్లు ఒకసారి తెరిచి చూడండి. అరిగిన బాబిన్ల మధ్య వంచిన తీగముక్కో, కోసిన అట్టముక్కో కనిపిస్తే పారేయకుండా, అదెందుకో ఆమెనే అడగండి. చెప్పింది రాసిపెట్టండి.

నేను కూడా అడిగాను. మా అమ్మ డ్రాయరులో చెప్పు తోలుముక్క ఒకటి ఉంది. బెల్టు జారినప్పుడు చక్రానికీ బెల్టుకీ మధ్య పెట్టేదట. “ఇదెందుకే ఇప్పుడు?” అంది. రాసుకుంటున్నానన్నాను. ఒక క్షణం ఆగి, కుర్చీ దగ్గరికి లాక్కుని, మిగిలిన డ్రాయరు కూడా తీసింది.