దమాకు మెగ్నీషియం: ఆస్పత్రి ఇంజెక్షన్ వేరు, షాపులో బిళ్ల వేరు

నవంబర్, డిసెంబర్ నెలల్లో గోదావరి డెల్టాలో వరి కోతలు, నూర్పిళ్ల దుమ్ము, పొద్దుటి మంచు, గడ్డి తగలబెట్టిన పొగ అన్నీ ఒకేసారి వస్తాయి. దమా (ఉబ్బసం) ఉన్నవాళ్లకు గడ్డుకాలం అదే. ‘మెగ్నీషియం బిళ్లలు వాడితే ఇన్‌హేలర్ అక్కర్లేదు’ అని ఎవరైనా చెబితే ఆశ పుట్టడం సహజం. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆ నిజం ఆస్పత్రిలో ఎక్కించే ఇంజెక్షన్‌ది, బిళ్లది కాదు.

ఎలా పనిచేస్తుంది?

దమాలో ఊపిరి గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. ఈ బిగుతుకు కాల్షియం కావాలి. మెగ్నీషియం ఆ కాల్షియానికి అడ్డుపడి కండరాన్ని వదులు చేస్తుంది.

ఇంజెక్షన్ ఎప్పుడు ఇస్తారు?

నెబులైజర్, ఆక్సిజన్, స్టెరాయిడ్ ఇచ్చినా ఆయాసం తగ్గకపోతే మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తారు. పెద్దవాళ్లకు సాధారణంగా 2 గ్రాములు, 20 నిమిషాల పాటు నరంలోకి. గర్భిణులకు బీపీ పెరిగి ఫిట్స్ వస్తే ఇచ్చేది కూడా ఈ మందే. బీపీ పడిపోవచ్చు కాబట్టి పక్కన డాక్టరో నర్సో చూస్తూ ఉండాలి. 2014లో కోక్రేన్ సంస్థ 14 అధ్యయనాలను కలిపి చూసింది. ఈ ఇంజెక్షన్ వల్ల ప్రతి 100 మందిలో సుమారు ఏడుగురికి ఆస్పత్రిలో చేరే అవసరం తప్పిందని తేల్చింది. 2013లో బ్రిటన్‌లో 1,109 మందిపై జరిగిన ‘3ఎంజీ’ అధ్యయనంలో మాత్రం లాభం చాలా స్వల్పం. అందుకే అందరికీ ఇవ్వరు.

బిళ్లల సంగతి?

అమెరికాలో 55 మంది పెద్దలకు రోజూ 340 మిల్లీగ్రాములు ఆరున్నర నెలలు ఇస్తే కొంత మెరుగు కనిపించింది (2010). అంతకుముందు బ్రిటన్‌లో 300 మందిని 16 వారాలు గమనించిన అధ్యయనంలో చెప్పుకోదగ్గ లాభం రాలేదు (2003). అంటే బిళ్ల మహా అయితే తోడు మందు, అసలు మందు కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా అసలు వేసుకోకూడదు, మెగ్నీషియం ఒంట్లో పేరుకుపోతుంది. మిగతావాళ్లకూ విరేచనాలు కావచ్చు. థైరాయిడ్ బిళ్ల, కొన్ని యాంటీబయాటిక్‌లతో కలిపి వేస్తే వాటి పని తగ్గుతుంది.

కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు తిండిలో వచ్చే మెగ్నీషియంతో ఈ భయం లేదు. బాదం, వేరుశనగ, రాగులు, పెసలు, పాలకూర, ఖర్జూరంలో ఇది ఉంటుంది.

మానకూడనిది ఇన్‌హేలర్

దమాకు అసలు మందు ఊపిరి గొట్టాల వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్. అలవాటు పడిపోతామనే భయంతో చాలామంది మానేస్తారు. అది అలవాటు చేసే మందు కాదు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం ఇన్‌హేలర్ ఒక్కదాంతో నెట్టుకురావద్దని అంతర్జాతీయ మార్గదర్శకం ‘గినా’ 2019 నుంచి చెబుతోంది. ఇంట్లో ఊదు, లోబాన్, దోమల చక్రం పొగ కూడా తగ్గించండి.

రంజాన్‌లో?

ఇన్‌హేలర్‌తో రోజా పోతుందా లేదా అన్నదానిపై ఉలమాల్లో రెండు అభిప్రాయాలున్నాయి. మీ ఇమామ్ సాబ్‌ని ముందే అడగండి. రోజూ వాడే డోసులను సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చవచ్చేమో డాక్టర్‌తో మాట్లాడండి. జబ్బుతో ఉన్నవారికి రోజా వాయిదా వేసుకుని తర్వాత ఖజా చేసుకునే వెసులుబాటు ఖురాన్‌లోనే ఉంది. ఆయాసం వస్తే మగ్రిబ్ దాకా ఓర్చుకోవద్దు.

108కి ఎప్పుడు ఫోన్ చేయాలి?

ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, పిల్లలకు ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య గుంటలు పడినా, ఇన్‌హేలర్ పీల్చినా తగ్గకపోయినా వెంటనే చేయండి. బండి వచ్చేదాకా రోగిని కూర్చోబెట్టి నీలం ఇన్‌హేలర్ ఇస్తూ ఉండండి. మెగ్నీషియం బిళ్ల కోసం వెతుకుతూ ఆ సమయం పోగొట్టుకోవద్దు.