జెరండ్, ఇన్ఫినిటివ్‌లతో అర్థం మారే ఇంగ్లిష్ క్రియలు

తర్వాత ఇంగ్ రూపం (జెరండ్) వస్తే ఒక అర్థం, టు రూపం (ఇన్ఫినిటివ్) వస్తే మరో అర్థం ఇచ్చే ఇంగ్లిష్ క్రియలు కొన్ని ఉన్నాయి. స్టాప్, రిమెంబర్, ఫర్‌గెట్, రిగ్రెట్, ట్రై, మీన్, గో ఆన్ వీటిలో ముఖ్యమైనవి. బిగిన్, స్టార్ట్ క్రియలకు ఈ పేచీ దాదాపు లేదు.

‘హి స్టాప్డ్ డ్రింకింగ్ టీ’ అంటే టీ మానేశాడు. ‘హి స్టాప్డ్ టు డ్రింక్ టీ’ అంటే పోతూ పోతూ టీ కోసం ఆగాడు. మొదటి వాక్యంలో ఇంగ్ రూపం క్రియకు కర్మ. రెండోదాంట్లో టు రూపం ఆగడానికి కారణం చెబుతుంది. రిమెంబర్‌తో తేడా కాలానిది: ‘రిమెంబర్ లాకింగ్’ తాళం వేసిన జ్ఞాపకం, ‘రిమెంబర్ టు లాక్’ మరవకుండా తాళం వేయడం. ‘రిగ్రెట్ టు ఇన్‌ఫామ్’ ఉత్తరాల మర్యాద. చేసినదానికి నొచ్చుకోవాలంటే ఇంగ్ రూపమే కావాలి. ట్రైతో తేడా అంత గట్టిది కాదు, పాఠ్యపుస్తకాలు దాన్ని కాస్త పెద్దది చేస్తాయి.

టు మొదట దిశను సూచించే విభక్తి పదం. అందుకే ఆ రూపం ఎక్కువగా జరగబోయేదాని వైపు చూస్తుంది.

తెలుగువారికి ఈ భేదం కొత్తేమీ కాదు. ‘వేసినట్టు గుర్తుంది’, ‘వేయాలని గుర్తుంది’ అని రోజూ అంటూనే ఉంటాం. చిక్కల్లా తెలుగులో ‘తాగడం’, ‘తాగడానికి’ ఒకే మాటకు రెండు విభక్తులు కావడం. ఇంగ్లిష్‌లో రూపమే వేరు.