అణాల నాటి పాటల పుస్తకాలు

సినిమా పాటల పుస్తకమంటే ఏమిటో మా తరంవారికి చెప్పనక్కరలేదు. తరువాతివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. నాసిరకం కాగితంపై అచ్చయిన కొద్దిపాటి పుటల పొత్తమది. అట్టమీద చిత్రం పేరు, నాయికానాయకుల బొమ్మ; లోపల నటీనటుల, సాంకేతికుల పట్టిక; ఆపైన కథాసంగ్రహం. ఆ కథ సరిగ్గా చిక్కుముడి పడినచోట ఆగిపోయి, తక్కినది వెండితెరపై చూడుడని ఆజ్ఞాపించేది. తరువాత పాటలూ పద్యాలూ వరుసగా ఉండేవి. విశ్రాంతి వేళ సోడాలవాడి కేక వెనుకనే పాటల పుస్తకాలవాడి కేకా వినబడేది.

దాని విలువ తెలియాలంటే ఆనాటి స్థితి తలచుకోవాలి. మద్రాసులో ఆకాశవాణి కేంద్రం 1938 జూన్‌లో మొదలయింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. వచ్చినా రేడియోపెట్టె ఊరికొకటి ఉంటే గొప్ప. గ్రామఫోను శ్రీమంతుల లోగిళ్లలోనిది. కనుక నేలటిక్కెట్టు కొన్న సామాన్యుడు పాటను ఇంటికి తీసుకుపోవడానికి ఉన్న సాధనమల్లా ఈ చిన్న పొత్తమే. వరుస చెవిలో ఉండేది, మాట చేతిలో ఉండేది. చదువు రాని ఇల్లాలు బడికిపోయే కొడుకుచేత చదివించుకొని పాట నేర్చుకునేది. మా లంకల్లో అక్షరాలు కూడబలుక్కోవడం ఈ పుస్తకాలతోనే అలవరచుకున్నవారిని నేనెరుగుదును.

గోదావరీతీరానికి ఈ చరిత్రలో తక్కువ పాలు లేదు. కాకినాడలో మూకీచిత్రాలతో ప్రయోగాలు చేసిన చిత్తజల్లు పుల్లయ్యగారే 1934లో ‘లవకుశ’ను తీశారు. దాదాపు మూడు దశాబ్దాల తరువాత, 1963లో వెలువడిన రంగుల ‘లవకుశ’కూ ఆయనా, ఆయన కుమారుడు సి.ఎస్.రావుగారూ దర్శకులు. రాజమహేంద్రవరంలో నిడమర్తి సూరయ్యగారు నెలకొల్పిన దుర్గా సినీటోన్ ఆంధ్రదేశపు తొలి స్టూడియోలలో ఒకటి. 1936 నాటి ‘సంపూర్ణ రామాయణం’ దానిదే. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల నుండి ఎస్.వి.రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు ప్రభృతులు వెండితెర కెక్కారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణగారు పాటల పుస్తకపు కథాసంగ్రహానికి పెద్దన్నవంటి ‘వెండితెర నవల’ను ఒక ముచ్చటైన ప్రక్రియగా తీర్చిదిద్దారు.

వృత్తిరీత్యా తెలుగు పండితుణ్ణి గనుక నాకు వీటిలో మరొక సంగతి కనబడుతుంది. అదే భాష. తొలినాళ్ల కథాసంగ్రహాలు అరసున్నలతో, శకటరేఫలతో, ‘పోయెను’, ‘వచియించెను’ అంటూ గ్రాంథికంలో నడిచాయి. రానురాను ‘పోయాడు’, ‘అన్నాడు’ చోటుచేసుకున్నాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరం వచ్చి స్థిరపడింది 1936లో. 1938లో తాపీ ధర్మారావుగారు ‘మాలపిల్ల’కు వ్యావహారికంలో సంభాషణలు రాస్తే, ఆ చిత్రారంభంలో రామమూర్తిగారే తెరమీద దర్శనమిచ్చారు. భాషావాదం సభల్లోనూ పత్రికల్లోనూ ఎలా సాగిందో పుస్తకాలు రాసినవారున్నారు. ఆ వాదపు ఫలితం సామాన్యుని చేతి కాగితంలోకి ఏ యేట ఎంతవరకు దిగిందో చూడాలంటే మాత్రం ఈ పొత్తాలనే వరుసగా పేర్చుకోవాలి.

పేర్చడానికి కాలనిర్ణయం కావాలి. చాలా పుస్తకాలమీద సంవత్సరం ఉండదు. అయినా ఆధారాలు లేకపోలేదు. వెల అణాల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్ 1కి ముందుది. నయాపైసల్లో ఉంటే ఆ తరువాతిది. 1964 జూన్‌లో ‘నయా’ అన్న మాట తొలగింది గనుక వట్టి ‘పైసలు’ అని ఉంటే బహుశా ఆ పిమ్మటిది. పేరొక్కటే చూసి ఇది ఏ ‘లవకుశ’ అని సందేహించేవారికి ఇటువంటి గుర్తులే దిక్కు. తాళపత్రాల కాలాన్ని లిపినిబట్టి నిర్ణయించినట్లే ఇదీను.

చిన్న కాగితం పెద్ద చరిత్రను సరిదిద్దగలదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలయిందని చాలాకాలం అందరం నమ్మాం. ఆ చిత్రానికి సెన్సారు ధ్రువపత్రం లభించింది 1932 జనవరి 22న అనీ, బొంబాయిలో విడుదలయింది ఫిబ్రవరి 6న అనీ రెంటాల జయదేవగారు పరిశోధించి నిరూపించారు. చిత్రం ప్రతి నేడు లభ్యం కాదు. ఆ రోజుల్లో ఫిల్ము నైట్రేటు పదార్థంతో చేసినది. ఇట్టే అంటుకునేది, అంటుకోకపోయినా కాలక్రమాన పొడి అయ్యేది. బొమ్మ పోయిన చిత్రాలకు మిగిలే సాక్ష్యం పత్రికల్లోని ప్రకటనలు, కరపత్రాలు, ఈ పాటల పుస్తకాలు, అంతే.

ఇంత చెబుతున్న నేను చేసిన పని కూడ చెప్పాలి. మా నాన్నగారికి సినిమా అంటే ప్రాణం. లంకలోని మా ఊరినుండి రేవు దాటి, కాలువగట్టున నడిచి, టూరింగు టాకీసులో ఆట చూసి, పుస్తకం కొననిదే ఇల్లు చేరేవారు కాదు. అలా కూడినవి నూటికి పైగా ఉండేవి. ట్రంకుపెట్టెలో వేపాకు వేసి దాచేవారు. ఆయన పోయిన మరుసటి యేడు ఇల్లు తిరగకట్టించవలసి వచ్చింది. అటక దింపించాను. నేనప్పటికి కొత్తగా కొలువులో చేరిన పండితుణ్ణి. వసుచరిత్ర, మనుచరిత్ర, పాండురంగ మాహాత్మ్యం దుమ్ము దులిపి బీరువాలో పెట్టాను. పాటల పుస్తకాలను పాత కాగితాలవాడికి కిలోల లెక్కన వేశాను. ‘‘నాన్నగారి చేతివి కదరా’’ అంది అమ్మ. ‘‘ఇవేమైనా కావ్యాలా అమ్మా’’ అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు.

ఆ ప్రబంధాలన్నీ నేడు ఎన్నో ముద్రణల్లో దొరుకుతున్నాయి, అంతర్జాలంలో ఉచితంగానూ లభిస్తున్నాయి. నేను దాచకపోయినా వాటికి ఏ లోపమూ రాకపోను. నేను అమ్మిన పుస్తకాల్లో మరొక ప్రతి లేనిది ఎన్ని ఉన్నాయో చెప్పగలవారు లేరు. బహుశా మరమరాల పొట్లాలై ఉంటాయి.

ఇటువంటి అల్పమైన కాగితమే అమెరికాలో ఏమయిందో చదివినప్పుడు నాకు ఈ సంగతి మరీ బాధపెట్టింది. అక్కడ 1880ల నుండి సిగరెట్టు పెట్టెల్లో, పెట్టె నలగకుండా గట్టిగా ఉండేందుకూ ప్రచారానికీ, బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మ అట్టముక్కలు పెట్టేవారు. 1909-11 నడుమ వెలువడిన వరుసలో హోనస్ వాగ్నర్ అనే ఆటగాని అట్టను, ఆయన అభ్యంతరంతో త్వరలోనే ఆపివేశారు. నేడు తెలిసినవి అరవై దరిదాపున మాత్రమే. వాటిలో ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడయింది. 1952 నాటి మికీ మాంటిల్ అట్ట ఒకటి అదే ఏడు 1.26 కోట్ల డాలర్లు పలికింది. ఆ 1952 అట్టల్లో అమ్ముడుపోని పెట్టెలను 1960లో ఆ కంపెనీవారే పడవకెత్తించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించారట. అంటే పారవేయడంలో వారూ మనకు తీసిపోలేదు.

తేడా మరొకచోట ఉంది. సిరక్యూస్ అనే ఊళ్లో జెఫర్సన్ బర్డిక్ అనే ఒక సామాన్య కార్మికుడుండేవాడు. కీళ్లవాతంతో చేతులు వంకరపోయినవాడు. ఆటమీద మోజుతో కాదు, అచ్చుకాగితాలమీద మక్కువతో అట్టలు పోగుచేశాడు. 1939లో వాటికొక జాబితా అచ్చువేశాడు. ప్రతి వరుసకూ ఒక అక్షరం, ఒక సంఖ్య ఇచ్చాడు. వాగ్నర్ అట్ట ఉన్న వరుసను నేటికీ లోకం పిలిచే టీ-206 అన్న పేరు ఆయన పెట్టినదే. మూడు లక్షలకు పైబడిన తన సేకరణను న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి దానమిచ్చి, ఏళ్ల తరబడి అక్కడే కూర్చొని వాటిని ఆల్బముల్లో అతికించాడు. 1963 జనవరిలో పని ముగించాడు, మార్చిలో కన్నుమూశాడు. కోట్ల ధరలు ఆయన చూడలేదు. ఏది ఉందో, ఏది లేదో తెలిస్తేనే కదా ఏది అరుదో తెలిసేది! ధర తరువాత వచ్చింది; పట్టిక ముందు వచ్చింది.

మనకూ సేకర్తలున్నారు. పుణేలో 1964లో నెలకొన్న జాతీయ చలనచిత్ర భాండాగారం పాటల పుస్తకాలను కూడ సేకరించి భద్రపరచింది. పాత పుస్తకాలకు అంతర్జాలంలో బేరాలూ సాగుతున్నాయి. మంచిదే, ధర పలికిన వస్తువు పొట్లం కాదు. కాని అమ్మకంలో చేతులు మారిన ప్రతి పుస్తకం మరొక బీరువాలో తాళం పడిపోతే మనకు దక్కేదేమిటి? చిత్రం పేరు, సంస్థ, ముద్రించిన అచ్చుకూటం, ఊరు, వెల, పుటల సంఖ్య, కవి పేరు, ప్రతి పాట మొదటి పాదం. ఇంత రాసుకుంటే చాలు. పుస్తకం ఎవరిదైనా కావచ్చు, పట్టిక అందరిదీ కావాలి.

ఎందుకింత పట్టుదల అంటారా? నాన్నగారి భారతం ఆదిపర్వంలో గుర్తుగా పెట్టుకున్న కాగితాలు మొన్న బయటపడ్డాయి. ఒక పాటల పుస్తకపు చివరి రెండు రేకులు. అట్ట లేదు. చిత్రం పేరు లేదు. మూడు పాటలున్నాయి: ఒకటి తల్లి జోకొట్టేది, ఒకటి బైరాగి పాడేది, మూడవది సగానికి చినిగింది. వెనుక పుటమీద ‘వెల రెండణాలు’. అంటే 1957కు ముందుది. నా పాండిత్యమంతా కలిపి తేల్చగలిగింది అంతే. ఏ చిత్రమో, ఎవరు రాశారో, నాన్నగారు ఏ రేవు దాటి వెళ్లి చూశారో తెలియదు. మొదటి పాదాల పట్టిక ఎక్కడైనా ఉండి ఉంటే ఒక్క నిమిషంలో తేలే విషయం.

మీ ఇంటి అటకమీద, ట్రంకుపెట్టె అడుగున, అమ్మమ్మ భారతంలో గుర్తుగానైనా ఇటువంటి రేకు ఉందేమో చూడండి. ఉంటే అమ్మండి, దాచండి, మీ ఇష్టం. ముందు మాత్రం వివరం రాసి ఉంచండి. నా రెండు రేకుల వివరం నేను రాసి పెట్టాను. పట్టికలో అది మొదటి సంఖ్య.