కోడి పారే దారి

మా చిన్నాన్న కూతురు పీహెచ్‌డీ చేస్తా ఉంది. వాన గట్టిగా పడితే ఊరు మునగకుండా చెరువులు, గడ్డి కాలువలు, చెట్లు, నీళ్లు ఇంకే నేల ఎట్లా పనికొస్తాయనేది విషయం. దాన్ని గ్రీన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అంటారంట. పోయిన ఉగాదికి ఇంటికొచ్చి అవ్వను అడిగింది: "అవ్వా, మనవాళ్లు చెరువులు తవ్వినారు కదా, నీళ్లు ఎక్కువైతే ఏం చేసేవాళ్లు?" అవ్వ చెప్పింది: "కోడి పారతాది. ఇంగేముంది?"

నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నా. మన చెరువు కన్నడలో కెరె, తూము తూబు. చెరువు నిండినాక మిగిలిన నీళ్లు బయటికి పోయే చోటు కోడి. ఆంధ్రాలో దాన్ని అలుగు అంటారు, సీమలో మరవ అంటారు. కోడి అంటే అక్కడి చుట్టాలు పుంజు అనుకొని నవ్వుతారు. మా ఇంట్లో మాత్రం కన్నడ మాటే నిలిచింది.

మనం వడ్డెరవాళ్లం. ఇక్కడ ఒడ్డరు అనీ, భోవి అనీ అంటారు. మట్టిపని చేసేవాళ్లు మన్నొడ్డరు, రాతిపని చేసేవాళ్లు కల్లొడ్డరు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకాల్లో కూడా బావులు తవ్వేది, చెరువు కట్టలు వేసేది వీళ్లేనని ఉంది. రాజుల పేర్లు శాసనాల్లో మిగిలినాయి. పార పట్టినవాళ్ల పేర్లు మిగల్లేదు.

బెంగళూరుకు పెద్ద నది లేదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో, గట్టు మీద కూర్చున్న ఊరు. పడిన వాన మూడు లోయల్లోకి జారిపోతుంది: హెబ్బాళ, కోరమంగల–చల్లఘట్ట, వృషభావతి. అందుకే 1537లో కెంపేగౌడ కోట కట్టినప్పుడు చెరువులూ కట్టించినాడు. ఆయనకు చాలా ముందే, 9వ శతాబ్దంలోనే, అగరలో చెరువుకు తూములు పెట్టించిన సంగతి శాసనంలో ఉంది.

ఈ చెరువులు ఒంటరివి కావు, గొలుసు. పై చెరువు నిండితే కోడి పారి, కాలువలో పోయి, కింది చెరువులో పడుతుంది. ప్రతి చెరువూ వాన జోరును కొంచెం ఆపుతుంది, ఒండ్రు కింద దిగుతుంది, నేలలోకి నీళ్లు ఇంకుతాయి. నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంతా సరిగ్గా నడిచేటప్పుడు ఎవరైనా చూస్తారు. హద్దు దాటితే ఏమవుతుందో చూసేదే మా ఉద్యోగం. కోడి కట్టినోడు ఆ ప్రశ్న మొదటే వేసుకున్నాడు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు అందులో చెప్పినారు. నీళ్లు ఎక్కువై చోటు తక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి. చదివినప్పుడు నాకు మా ఊరే కనిపించింది.

ఎందుకంటే చోటు మనమే తగ్గించినాము. 1890ల్లో హెసరఘట్ట నీళ్లు, 1974లో కావేరి నీళ్లు కొళాయిలో వచ్చినాక చెరువుతో ఇంటికి పని లేకపోయింది. ధర్మాంబుధి చెరువు మీద మెజెస్టిక్ బస్టాండు, సంపంగి చెరువు మీద కంఠీరవ స్టేడియం, చల్లఘట్టలో గోల్ఫ్ మైదానం వచ్చినాయి. చెరువు పోయినా లోయ పోలేదు. 2022 సెప్టెంబరు 4 రాత్రి మొదలైన వానకు, ఒక్క రోజులో 130 మిల్లీమీటర్లు దాటి, బెళ్లందూరు వైపంతా మునిగింది. నేను ఆఫీసుకు ట్రాక్టర్‌లో పోయినా.

ఆ వారం మా ఇంట్లోనూ మోకాటి లోతు నీళ్లు. పాత సర్వే మ్యాపు తీసి చూస్తే మా నాన్న కొన్న సైటుకు ఆనుకొనే కాలువ గీత ఉంది. మా కాంపౌండు గోడ ఆ గీత మీదే ఉంది. చెరువులు తవ్వినవాళ్ల మనవళ్లం, కోడి నీళ్లు పోయే దారికి మనమే అడ్డం కట్టుకున్నాము. నాన్న ఆ మ్యాపును చాలాసేపు చూసి, ఏమీ అనకుండా మడిచిపెట్టినాడు.

ఇప్పుడు బెంగళూరులో పది లక్షల బావుల పేరుతో ఇంకుడు బావులు తవ్విస్తా ఉన్నారు. కబ్బన్ పార్కులో పాత బావులను బాగు చేసింది మన మన్నొడ్డరే. కొత్త పేరు పెట్టుకున్న ఈ చదువుకు పాత చేతులే కావాల్సి వచ్చినాయి.

మేము ఇంటి ముందర సిమెంటు తీసేసి ఇంకుడు బావి తవ్వించినాము. గోడను కాలువ వదిలి వెనక్కి జరపాలని నేను, చెల్లెలు పట్టు పట్టినాము. ఒప్పుకోవడానికి నాన్నకు ఏడాది పట్టింది; వచ్చే వానలకు ముందే ఆ పని. ఇంకుడు బావి ఉంది కదా అని కాలువను మూసుకోలేము.

మీ ఇంట్లోని పెద్దవాళ్లను ఒకసారి అడగండి: ఏ చెరువుకు పనికి పోయినారు, దాని కోడి ఎటు పారేది? అడిగి మాకు రాయండి. అవ్వకు ఇప్పుడు 84.